లెక్క సరిపోయిన సాయంత్రం

ఇలా దగ్గరికి జరుగు. ఆ పెట్టె సర్దడం కాసేపు ఆపవే, బట్టలెక్కడికీ పారిపోవు. రేపటినుంచి నువ్వు ఫైరాఫీసరువి. నీ కింద నలుగురు, నీ పైన నలుగురు. ఇక ముసలిదాని మాట వినడానికి నీకు తీరికెక్కడిది? ఈ సంగతి మీ అమ్మ నీకు చెప్పదు. అడిగితే "అదంతా ఎప్పటిదో" అంటుంది. ఎప్పటిదో అయితే మాత్రం, పారేయడానికి అదేమన్నా పగిలిన కుండా? నేను చెబుతాను, నువ్వు విను. మధ్యలో ఫోను చూశావంటే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాను.

అప్పటికి నీకింకా పాలపళ్ళు ఊడుతున్నాయి. అది వానాకాలం. మీ అమ్మకి ఆడవాళ్ళ జైలు అప్పగించారు. అప్పగించారంటే పూర్తిగా కాదు, ఇన్‌ఛార్జి. అంటే కుర్చీలో కూర్చోవచ్చు గానీ కుర్చీ నాది అనకూడదు. వానాకాలం గడిచేదాకా చూసి, సజావుగా నడిపితే ఆమెనే సూపరింటెండెంటుగా ఖాయం చేస్తామన్నారు పైవాళ్ళు. లేకపోతే దిగిపోవాల్సిందే. ఆ వయసులో ఆ కుర్చీదాకా వచ్చిన ఆడమనిషి ఆ శాఖలో అంతకుముందు లేదు. మీ అమ్మకి అది కావాలి. కావాలన్న సంగతి దాచుకోలేదు కూడా. ఓ రోజు భోజనం చేస్తూ, "అమ్మా, ఈ ఉద్యోగం నాకు కావాలి" అంది, మంచినీళ్ళు ఇలా అందుకో అన్నంత మామూలుగా. నా కూతురు ఒకటి కావాలని నోరు తెరిచి అడగడం అదే మొదలు. చిన్నప్పుడు బొమ్మ కూడా అడగలేదు.

మీ నాన్న అప్పుడు సరిహద్దులో, చెక్‌పోస్టు అధికారి. ఫోను చేసినప్పుడల్లా ఒకటే హాస్యం. "అత్తయ్యా, మీ అమ్మాయి లోపలివాళ్ళని బయటికి పోనివ్వదు. నేను బయటివాళ్ళని లోపలికి రానివ్వను. ఇక మనింటికి చుట్టాలెలా వస్తారు చెప్పండి?"

"చుట్టాల మాట తర్వాత బాబూ, ముందు మీరు రండి" అనేదాన్ని. ఆయన సెలవంటే ఎండాకాలపు మబ్బే కదా. కనిపిస్తుంది, కురవదు.

ఆ కుర్చీతోపాటు ఒక బంగళా కూడా వచ్చింది. ఒక గదిలో పిలిస్తే ఇంకో గదిలో వినపడనంత ఇల్లు. వరండాలో నువ్వు సైకిలు నేర్చుకున్నావు, నా కాలి వేళ్ళ మీదనుంచే ఎక్కువగా. వంటింటి కిటికీలోంచి చూస్తే జైలు గోడ, గోడ వెనక గంట స్తంభం కనిపించేవి. ఆ ఇంట్లో గడియారంతో పని లేదు, గంటలే చెప్పేవి. పొద్దు వాలుతుంటే మొదట ఒకటి కొట్టేవారు, దాన్ని ముందు గంట అనేవారు. అది కొట్టగానే లోపల పని మీద ఉన్న బయటివాళ్ళంతా గేటు దాటి వచ్చేయాలి. ఆ తర్వాత లెక్క. లోపలి ఆడవాళ్ళందరినీ వరసల్లో కూర్చోబెట్టి లెక్కపెడతారు. సరిపోతే పొట్టి గంట. అది వినపడితే లోపల తలుపులు పడతాయి, బయట వార్డర్ల ఇళ్ళల్లో పొయ్యిలు వెలుగుతాయి. లెక్క తప్పితే మాత్రం పొడుగు గంట. అది ఆపకుండా కొట్టాలి. ఊళ్ళో పోలీసులు, ఫైరింజను, పై ఆఫీసు, అందరూ ఉలిక్కిపడి లేవాలి. పొడుగు గంట కొట్టినవాడికి పొట్టి ఉద్యోగమే మిగులుతుందని ఆ జైల్లో ఒక సామెత ఉండేది.

ఆ సామెత నాకు చెప్పింది జైలరుగారు. హోదాలో మీ అమ్మ కింద, వయసులో మీ అమ్మకి బాబాయి అంత. రిటైరవడానికి దగ్గర్లో ఉన్నాడు. ఏ మాటకైనా ముందు "నిదానం మేడమ్, నిదానం" అనేవాడు. అందుకని ఆయన లేనప్పుడు అందరూ ఆయన్ని నిదానంగారనే అనేవారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసి నిదానంగా ఊరుకున్నాడు.

నేను జైల్లోకి వెళ్ళడం ఎలా మొదలైందంటే, చలివల్ల. వానలు ముదిరాక లోపల కప్పుకోవడానికి చాలడం లేదని జైలు నర్సు ఇంటికొచ్చి మీ అమ్మతో చెప్పింది. చిరిగిన దుప్పట్లు మాత్రం గది నిండా గుట్టగా పడున్నాయట. "గుట్టగా పడుంటే బొంతలు కుట్టుకోవచ్చుగా" అన్నాను నేను, అవతలి గదిలోంచి.

మీ అమ్మ నా వంక చూసింది. "నేర్పుతావా?"

"నేర్పడానికి అదేమన్నా లెక్కల పుస్తకమా? సూదీ దారమూ ఉంటే చేతులే నేర్చుకుంటాయి."

"ఒక షరతు. ముందు గంట కొట్టగానే బయటికొచ్చేయాలి. మాటల్లో పడ్డావంటే పాసు రద్దు."

"నేను మాటల్లో పడతానా?" అన్నాను. నర్సు పైకి చూసింది, సీలింగు ఫ్యాను బాగుందా అన్నట్టు.

కుట్టుశాలకి రేకుల కప్పు. నేలమీద చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. ఎవరేం చేసి లోపలికి వచ్చారో నేనడగలేదు. చెప్పుకోవాలనుకున్నవాళ్ళు చెప్పారు, మిగతావాళ్ళు సూదిలో దారం ఎక్కించారు. నన్ను పెద్దమ్మా అని పిలిచేవాళ్ళు. వాళ్ళల్లో వాళ్ళకి అసలు పేర్లు వాడుకలో లేవు. ప్రతి దానికీ అడ్డం వాదించేది కాబట్టి ఒకామె లాయరమ్మ. ఎంత బరువైనా ఒక్క చేత్తో ఎత్తే మనిషి, తలుపులోంచి వంగి రావాల్సినంత ఎత్తు, ఆమె పొడుగమ్మ. పొడుగమ్మకి బట్టలుతికే దగ్గర పని. బొంతల దగ్గరికి వచ్చి ఓ నిమిషం నిలబడి, "ఇది నా కాళ్ళదాకా రాదుగా పెద్దమ్మా" అనేది.

"నీకోసం రెండు కలిపి కుట్టాలే" అనేదాన్ని.

ఇక లెక్కపెట్టే హెడ్‌వార్డరుని అందరూ చూపుడువేలు అనేవారు. మంచి మనిషే. మనిషి లావు, వేలు సన్నం. ఆ జైల్లో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉండేది: లెక్క వెనకనుంచి పెట్టాలి. ముందునుంచి పెడితే ముఖాలు కనిపిస్తాయి, ముఖాలు కనిపిస్తే మాటలొస్తాయి, మాటలొస్తే లెక్క చెడుతుంది. అందుకని వరసల వెనక నడుస్తూ తలల మీద వేలు ఆడిస్తూ పోయేది. లెక్క జరుగుతున్నంతసేపూ ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు. ఒకరు కదిలితే మళ్ళీ మొదటినుంచి. 

ఆ సాయంత్రం కురిసిన వాన లాంటిది మళ్ళీ నేను చూడలేదు. రేకుల మీద రాళ్ళు దొర్లిస్తున్నట్టు ఉంది. పక్కనున్న మనిషి చెవిలో అరిస్తే గానీ మాట అందదు. ఆరబెట్టిన బొంతలు తీసుకురావడానికి పరిగెత్తి నేను తడిసి ముద్దయ్యాను. లాయరమ్మ తన దగ్గరున్న రెండో దుప్పటి నా తలమీదుగా కప్పింది, జైలువాళ్ళిచ్చే బూడిదరంగు దుప్పటి. ముందు గంట కొట్టారట. దేవుడి సాక్షిగా నాకు వినపడలేదు. వినపడినవాళ్ళు ఉన్నారు. తలుపు దగ్గర నిలబడ్డ వార్డరు నన్ను చూసింది, చూసి ఊరుకుంది. మేడమ్‌గారి అమ్మని ఎవరు లెమ్మంటారు?

బయట లెక్కపెట్టే ఆవరణంతా మడుగైపోయింది. అందుకని అందరినీ కుట్టుశాలలోకే తోలుకొచ్చారు. ఉన్న చోటు కొంచెం, వచ్చిన మంది ఎక్కువ. ఎవరి వరసలో ఎవరు కూర్చున్నారో తెలియకుండా ఒకరి మోకాళ్ళు ఒకరికి తగులుతూ సర్దుకున్నారు. అందరి తలల మీదా బూడిదరంగు దుప్పట్లే. నేను లేవబోయాను. లాయరమ్మ నా కొంగు పట్టి లాగింది.

"ఇప్పుడు లేచావంటే మళ్ళీ మొదటినుంచి లెక్క. మోకాళ్ళ నొప్పులవాళ్ళు నిన్ను వారంపాటు తిడతారు. కదలకుండా కూర్చో పెద్దమ్మా."

కూర్చున్నాను. చూపుడువేలు తాళాల గుత్తి చప్పుడు వెనకనుంచి వస్తోంది. నా వెనక ఒక్క క్షణం ఆగి, ముందుకెళ్ళిపోయింది. కాసేపటికి పొట్టి గంట. లెక్క సరిపోయింది.

లాయరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. "పెద్దమ్మా, నిన్ను కూడా లెక్కలో వేసేసింది. రేపటినుంచి నీకూ ఒక గిన్నె, ఒక గ్లాసు."

"ఏం కేసు పెడతారో?" అంది వెనకనుంచి ఎవరో.

"అధిక ప్రసంగం" అంది లాయరమ్మ. "యావజ్జీవం పడుతుంది."

వరసంతా నవ్వింది. నేనూ డొక్కలు పట్టుకుని నవ్వాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. ఆ రోజు నానకపోవడమే మంచిదయింది. ఆ నవ్వు చల్లారకముందే మీ అమ్మ ఆఫీసుకి పోయాను. రెండు గేట్ల మధ్యన ఉండేది ఆ గది. మీ అమ్మ లెక్క మీద సంతకం పెట్టి, పై ఆఫీసుకి ఫోనులో "సరిపోయిందండి" అని చెప్పి అప్పుడే పెట్టేసింది. నిదానంగారు ఎదురుగా నిలబడి గొడుగు దులుపుకుంటున్నాడు.

"ఏమే, ఈ పూట నా భోజనం మీ జైల్లోనే" అన్నాను. "నన్నూ ఖైదీల్లో కలిపి లెక్కపెట్టేశారు మీవాళ్ళు."

నిదానంగారు పకపకా నవ్వాడు. మీ అమ్మ పెన్నుకి మూత పెడుతోంది. ఆ చెయ్యి అక్కడే ఆగింది.

"నిన్ను లెక్కపెట్టారా?"

"ఆఁ. తాళాల గుత్తి నా వెనకే ఆగిందిగా. లాయరమ్మ కూడా చూసింది. వానకి గంట వినపడలేదే, కోప్పడకు."

మీ అమ్మ నన్ను కోప్పడలేదు. జైలరుగారి వైపు తిరిగింది. "లెక్క సరిపోయిందన్నారు కదా?"

"సరిపోయింది మేడమ్."

"అమ్మతో కలిపి సరిపోయింది."

నిదానంగారి నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, తీసేవాళ్ళు లేక. నాకింకా బుర్రకెక్కలేదు. "సరిపోతే మంచిదేగా?" అన్నాను.

"నువ్వు లెక్కలో లేని మనిషివి కదమ్మా. నిన్ను కలిపితే ఒకరు ఎక్కువ రావాలి. రాలేదు. అంటే అక్కడ ఉండాల్సినవాళ్ళలో ఒకరు లేరు."

జైలరుగారు ముందుగా తేరుకున్నాడు. "నిదానం మేడమ్. చప్పుడు కాకుండా ఇంకోసారి లెక్కపెట్టిద్దాం. నలుగురికి టార్చీలిచ్చి పంపుదాం. ఏ మూలో ఒదిగి కూర్చుని ఉంటుంది. దొరికితే ఎవరికీ తెలియదు. పైవాళ్ళు వచ్చే వారమే వస్తున్నారు, మిమ్మల్ని ఖాయం చెయ్యడానికి. ఈ ఒక్క వారం."

"దొరక్కపోతే?"

"అప్పుడు కొడదాం గంట."

"అప్పటిదాకా ఆమె ఎక్కడుంటుంది జైలరుగారూ?"

ఆయన గొడుగు వంక చూసుకున్నాడు.

"సరిపోయిందని చెప్పింది నేను. ఆ మాట అలాగే ఉన్నంతసేపు ఆమెని ఎవరూ వెతకరు" అంది మీ అమ్మ. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. గంట కొట్టమని ఎవరినీ పంపలేదు. తనే వానలోకి నడిచి వెళ్ళింది. టోపీ బల్లమీదే ఉండిపోతే, నేను దాన్ని చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను, ఏం చెయ్యాలో తోచక.

పొడుగు గంట మొదలైంది. ఆ చప్పుడు కడుపులో మోగుతుందే, చెవుల్లో కాదు. లోపల మళ్ళీ లెక్క పెట్టారు, ఈసారి దుప్పట్లు తీయించి, ముఖాలు చూసి. పొడుగమ్మ లేదు. అందరిలోకీ ఎత్తైన మనిషి లేదన్న సంగతి, కూర్చున్న తలల్ని వెనకనుంచి చూస్తే తెలియలేదు చూడు.

గోడ దూకిందన్నారు అందరూ. అంత పొడుగు మనిషికి అది గోడా, గడపా అన్నారు. పోలీసులు రోడ్డు మీదికి పరిగెత్తారు. ఫైరింజను వచ్చింది. నువ్వు వరండాలో మీ నాన్న రెయిన్‌కోటు నేలమీద ఈడ్చుకుంటూ నిలబడి, ఆ ఎర్రబండిని నోరు తెరుచుకుని చూస్తున్నావు. మీ అమ్మ మాత్రం రోడ్డు వైపు చూడలేదు. ఆవరణ మధ్యలో నిలబడి గంట ఆపించింది. ఫైరాఫీసరుకి చెప్పి బండి ఇంజను ఆపించింది. "ఎవరూ కదలొద్దు, వినండి" అంది. వాన కొంచెం తెరిపిచ్చింది. ఏమీ లేదు. మళ్ళీ గంట కొట్టించింది, మళ్ళీ ఆపించింది. అప్పుడు వినపడింది, వెనక గోడవైపునుంచి సన్నగా ఒక కేక.

బట్టలారేసే పాత షెడ్డు గోడ వానకి కూలిపోయింది. తడుస్తున్న బట్టలు తీద్దామని వెళ్ళిన పొడుగమ్మ కాలి మీద పైదూలం పడింది. పక్కనే మురుగు కాలవ పొంగి నీళ్ళు షెడ్డులోకి ఎక్కుతున్నాయి. ఫైరువాళ్ళు దూలం ఎత్తేసరికి నీళ్ళు ఆమె గొంతు కింద ఉన్నాయి. పొడుగు మనిషి కాబట్టి సరిపోయింది. నేనైతే ఈపాటికి మీ ఇంట్లో గోడమీద ఫొటోలో ఉండేదాన్ని.

స్ట్రెచరు మీద పడుకోబెట్టాక పొడుగమ్మ మీ అమ్మ చెయ్యి పట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

"చాలాసేపు అరిచాను మేడమ్. ఇంతలో పొట్టి గంట కొట్టారు. సరిపోయిందంట, ఇంక నాకోసం ఎవరొస్తారులే అని ఊరుకున్నాను. అరిచి ఏం లాభం?" కాసేపు ఊపిరి పీల్చుకుంది. "తర్వాత పొడుగు గంట మోగింది. ఇది నాకోసమే అనుకున్నా. మళ్ళీ అరిచాను."

మీ అమ్మ ఆమె నుదుటిమీద బురద తుడిచింది. నిదానంగారు గొడుగు తీసి స్ట్రెచరు మీద పట్టి, ఆస్పత్రి బండిదాకా తడుస్తూ నడిచాడు. టార్చీలతో చప్పుడు కాకుండా వెతికి ఉంటే ఆమె నోరు మూసుకునే ఉండేదని ఆయనకి అప్పుడే అర్థమైందనుకుంటాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఇంటికొచ్చాడు. మీ అమ్మ భోజనాల బల్ల దగ్గర పై ఆఫీసుకి రిపోర్టు రాయడానికి కూర్చుంది. నేను కూరగాయలు తరుగుతున్నాను.

"మనిషి దొరికింది, బతికింది. అంతా మిమ్మల్ని మెచ్చుకుంటున్నారు మేడమ్. ఇక ఈ కాగితం ఒక్కటీ జాగ్రత్తగా రాస్తే గండం గడిచినట్టే. వానకి తలలు కప్పుకోవడంవల్ల లెక్కలో పొరపాటు జరిగింది అని రాయండి, చాలు. అది అబద్ధం కాదు. అమ్మగారి ఊసు అందులో ఎందుకు?"

"అమ్మ లేకపోతే లెక్క ఒకటి తగ్గేది. అప్పుడే తెలిసిపోయేది" అంది మీ అమ్మ.

"తెలుసు మేడమ్. ఆ సంగతి గోడ లోపలివాళ్ళకి తప్ప బయట ఎవరికీ తెలియదు."

మీ అమ్మ నా వంక చూసింది.

"నన్ను చూస్తావేంటే?" అన్నాను. "నువ్వు రాయకపోతే వారం తిరక్కుండా నేనే కూరలమ్మే మనిషితో చెప్పేస్తాను. ఆమె ఊరంతటికీ చెబుతుంది. అలా తెలిసేకన్నా నీ చేత్తో తెలియడం మర్యాద."

నిదానంగారు తల పట్టుకున్నాడు. మీ అమ్మ పెదవుల చివర నవ్వు కనిపించి పోయింది. ఇంతలో మీ నాన్న ఫోను. మీ అమ్మ అటు తిరిగి మాట్లాడింది, అయినా నాకు వినపడకుండా ఎలా ఉంటుంది?

"నీ గేటు దగ్గర ఎవరైనా పాసు టైము దాటి లోపలుండిపోతే ఏం చేస్తావు?" అని అడిగింది. అవతల ఏదో అన్నాడు. "మీ ఆఫీసరు చుట్టమైతే?" అంది. మళ్ళీ ఏదో అన్నాడు. మీ అమ్మ "ఊఁ" అంది. ఫోను పెట్టేశాక నేనడిగాను, ఏమన్నాడని.

"తెలిసి నన్నెందుకు అడుగుతున్నావన్నాడు."

కూర్చుని రాసింది. ముందు గంట తర్వాత ఒక బయటి మనిషి లోపల ఉండిపోయింది. ఆ మనిషి నా తల్లి. నా తల్లి కాబట్టే సిబ్బంది లెమ్మనడానికి వెనకాడారు. ఆమెకి పాసు ఇచ్చింది నేను. హెడ్‌వార్డరు తప్పు లేదు, ముఖం చూడకుండా లెక్కపెట్టమన్న పద్ధతిదే తప్పు. అలా ఒక్కో ముక్కా రాస్తూ నాకు చదివి వినిపించింది. చివర్లో ఇంకొకటి కూడా రాసింది, ఇకమీదట లెక్క ఎలా పెట్టాలో. అది రాసేటప్పుడు మాత్రం ఎక్కువసేపు ఆలోచించింది.

విచారణకి ఒక పెద్దాయన వచ్చాడు. ఎండుకట్టెలాంటి మనిషి, మాట కూడా అంతే. నన్నూ పిలిపించాడు. మీ అమ్మ ఇస్త్రీ చీర కట్టుకోమంది, అడిగినదానికే జవాబు చెప్పమంది. మొదటిది చేశాను.

"ఆ సమయంలో మీరు లోపల ఎందుకున్నారు?"

"బొంత అంచు పట్టుకుని ఉన్నానండి. వదిలితే కుట్టు పోతుంది."

"గంట వినపడలేదా?"

"మీరు ఆ రేకుల కింద ఒక వాన కూర్చుని చూడండి. పక్కవాళ్ళు తిట్టినా దీవించినట్టే ఉంటుంది."

ఆయన ముఖం కదలలేదు. "మీ అమ్మాయి అధికారి కాబట్టి మిమ్మల్ని ఎవరూ బయటికి పంపలేదు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోక? నేనే వార్డరునైనా పంపేదాన్ని కాదండి. అందుకే ఆ రూలు మా అమ్మాయి చూసుకోవాల్సింది. చూసుకోలేదని తనే రాసింది కదా."

అప్పుడు ఆయన మీ అమ్మని అడిగాడు. "గంట కొట్టేముందు ఇంకోసారి లెక్క పెట్టించి ఉండొచ్చు. పై ఆఫీసు, ఊరు, పోలీసులు, అందరినీ లేపారు. మళ్ళీ అలాంటిదే జరిగితే?"

"మళ్ళీ కొడతానండి."

"మీ పోస్టు మాటేమిటి?"

"కావాలండి. అయినా కొడతాను."

అంతే. గొంతు పెంచలేదు, దించలేదు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత నన్ను చూసి, "ఆ బొంత పూర్తయిందా?" అని అడిగాడు. కాలేదని చెప్పాను.

వానలు వెనకబడుతుండగా ఉత్తర్వు వచ్చింది. మీ అమ్మని ఇన్‌ఛార్జి బాధ్యతనుంచి తప్పించారు. బయటి మనిషిని లెక్కవేళ లోపల ఉండనిచ్చినందుకు. అందులో అన్యాయం ఏమీ లేదు, అందుకే మీ అమ్మ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఉద్యోగం పోలేదు. అదే జైల్లో రెండో అధికారిగా ఉండమన్నారు. కుర్చీ రిటైరయ్యేదాకా నిదానంగారికి. నిన్నటిదాకా తన చేతికింద ఉన్న మనిషి చేతికింద ఇప్పుడు తను.

నిదానంగారు పరిగెత్తుకొచ్చాడు. ఆయన పరిగెత్తడం ఆ జైలు చరిత్రలో అదే మొదలట. "అమ్మగారూ, మీరున్న ఇంట్లోకి నేనెలా వస్తాను చెప్పండి?"

"తలుపులోంచి రండి బాబూ" అన్నాను. "ఇంద, తాళం. స్నానాల గదిలో గొళ్ళెం పడదు, లోపలుండి పాట పాడుకోండి."

సామాను ఎదురువీధిలోని చిన్న క్వార్టరుకి మార్చాం. నువ్వు వరండా పోయిందని రెండు రోజులు ముక్కు ఎగబీల్చావు. బంగళాలో చివరి గది ఊడుస్తుంటే మీ అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"కావాలనుకున్నానమ్మా" అంది.

"తెలుసే" అన్నాను.

చీపురు నా చేతిలోంచి తీసుకుని మిగతాది తనే ఊడ్చింది. అంతకుమించి ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకోలేదు. మాట్లాడుకుంటే తరిగేదీ కాదు, పెరిగేదీ కాదు.

చిన్న క్వార్టరు జైలు గోడని ఆనుకునే ఉండేది. వంటింట్లో పోపు వేస్తే గోడ అవతల తుమ్మేవారు. మొదటి సాయంత్రం ముందు గంట కొట్టారు. పొట్టి గంటకోసం ఎదురుచూస్తూ పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఎంతకీ కొట్టరు. బదులుగా ఒక ఆడమనిషి గొంతు వినిపించింది, గట్టిగా, ఒక పేరు చెబుతూ. ఆగింది. ఇంకో గొంతు, ఇంకో పేరు.

రిపోర్టు చివర మీ అమ్మ రాసింది అదే. వెనకనుంచి తలలు కాదు, ఎదురుగా నిలబడి ముఖం చూడాలి. ఎవరి పేరు వాళ్ళే నోరు తెరిచి చెప్పాలి. పెద్దాయన కుర్చీ తీసేశాడు గానీ, ఆ ముక్క మాత్రం ఒప్పుకుని పోయాడు. మొదటి రోజు ఆ లెక్క ఎవరు తీసుకోవాలంటే, నిదానంగారు అందరి ముందూ పక్కకి జరిగి, "మీరే కానివ్వండి మేడమ్" అన్నాడట. ఆయన రిటైరయ్యేదాకా మీ అమ్మని మేడమ్ అనడం మానలేదు.

పొయ్యి తగ్గించి విన్నాను. లాయరమ్మ గొంతు గుర్తుపట్టాను. ఆమెకి అంత చక్కని పేరుందని అన్నాళ్ళూ నాకు తెలియనే తెలియదు. కర్ర పట్టుకుని ఆస్పత్రినుంచి వచ్చిన పొడుగమ్మ పేరూ విన్నాను. ఆ పేర్లు నీకు చెప్పను, అవి వాళ్ళవి. ఒక్కొక్కరు పేరు చెప్పగానే మీ అమ్మ గొంతు వచ్చేది, "ఉన్నావు" అని. ఇంకో పేరు. "ఉన్నావు." వెనకటి లెక్క కంటే చాలాసేపు పట్టింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎవరూ సణగలేదు. పొట్టి గంట కొట్టేసరికి నా కూర అడుగంటింది. ఆ పూట అదే తిన్నాం అందరం.

ఆ తర్వాత మీ అమ్మ ఎంత పెద్ద కుర్చీ ఎక్కిందో, ఎన్ని జైళ్ళు ఆమె చేతికిందికి వచ్చాయో చెప్పడానికి చాలామంది ఉన్నారు. వాళ్ళని చెప్పుకోనీ. ఇది మాత్రం నువ్వు గుర్తుపెట్టుకో. నీ కింద పనిచేసేవాళ్ళని ఏ వానపూటో చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పు. అంతా సరిపోయిందని సంతకం పెట్టేశాక, అది చెరిగితే తనకి ఏం పోతుందో తెలిసి, లేచి వెళ్ళి గంట కొట్టిన అధికారి ఒకామె ఉండేదని చెప్పు. ఎవరామె అని అడుగుతారు. మా అమ్మ అను.